ఆదివారం తగ్గే ఫోను

పాత ఫోనుని కవర్లో పెట్టి, లక్క సీలు వేయించి, సంతకం పెట్టి ఇచ్చేటప్పుడు ఇందుమతి ఆ కవరుకేసి చూడలేదు. మొగుడికేసి చూసింది. ఆయన మొహం పెళ్లిచూపుల నాడు కాఫీ కప్పు అందుకున్నప్పుడు ఎలా వెలిగిందో ఇప్పుడూ అలాగే వెలుగుతోంది.

"అంత బెంగ దేనికి ఇందూ? ఆర్నెల్లేగా. తరవాత నీకే అది అక్కర్లేదనిపిస్తుంది చూడు" అన్నాడు చంద్రమౌళి.

"ఆ చేత్తోనే అన్నం అక్కర్లేదనిపించే మాత్ర కూడా కనిపెట్టండి. గిన్నెలు తప్పుతాయి."

ఆ ఫోను వయసు పదకొండేళ్లు, పొడుగు నాలుగంగుళాలు. చేతిలో పెట్టుకుంటే బొటనవేలు నాలుగు మూలలకీ అందేది. కుడిచెయ్యి పోపులో ఉన్నా ఎడంచేత్తో దాని పని నడిచిపోయేది. మొగుడు కాకినాడ సముద్రపొడ్డున అంత పెద్ద ప్రయోగశాలలో సైంటిస్టు అయ్యుండి, పెళ్లాం చేతిలో ఆ అగ్గిపెట్టె ఏవిటని చుట్టాలు నవ్వేవాళ్లు. ఆవిడకి పొదుపు ఎక్కువని కొందరూ, కొత్తవి వాడ్డం చేతకాదని కొందరూ తేల్చేశారు. ఇందుమతి బీయస్సీ కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు. అయినా ఎవర్నీ దిద్దలేదు. గుప్పెట మూస్తే కనపడకుండా పోవడమే ఆ ఫోనులో ఆవిడకి అన్నిటికన్నా నచ్చిన గుణమని ఎవరికీ చెప్పలేదు.

చంద్రమౌళి అట్టపెట్టె తెరిచి, భోజనాల బల్ల మీద మూడు రేకులు పరిచాడు. అప్పడమంత పల్చన, పాల రంగు. ఒక్కోదాని నడుమ చింతగింజంత నల్లటి మచ్చ. మెదడూ, బ్యాటరీ, స్పీకరూ అన్నీ ఆ గింజలోనే ఉన్నాయన్నాడు. మిగతాదంతా తెర.

"దీని పేరు చూపుతెర. ఇలా కూచుని పది నిమిషాలు దీనికేసి చూడు."

ఇందుమతి చూసింది. అందులో ఏదో జలపాతం పడుతోంది. పది నిమిషాలయ్యాక ఆయన స్క్రూగేజి తీసి కొలిచి చూపించాడు. వెంట్రుకవాసి పెరిగింది.

"చూపు పడ్డప్పుడు కంట్లోంచి తిరిగొచ్చే వెలుతుర్ని ఇది తాగుతుంది. తాగిన మేరకి అంచుల్లో పెరుగుతుంది, గోరు పెరిగినట్టు. మనిషన్నవాడు మళ్లీ మళ్లీ ఫోను కొనక్కర్లేదు. చిన్నది కొనుక్కుని, కావలసినంత పెంచుకోవడమే."

"గోరైతే కత్తిరించుకోవచ్చు కదండీ?"

"అదొక్కటే కుదర్లేదు. వజ్రపు బ్లేడుతో కోసేం, లేజరుతో కోసేం. కోసినచోటల్లా నల్లబడి చచ్చిపోతోంది. అయినా పెద్దదయినదాన్ని చిన్నది చేసుకునే పిచ్చివాళ్లెవరుంటారు?"

చంద్రమౌళి తల్లి కామేశ్వరమ్మగారు కళ్లజోడు సవరించుకుని తన రేకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మా రోజుల్లో నలుగురి చూపూ పడితే పిల్లలు చిక్కిపోయేవారు. ఇదేవిటోరా, చూపు తగిలితే ఒళ్లు చేస్తోంది. దిష్టి తియ్యాలా వద్దా?"

ప్రయోగశాలలో పనిచేసే పన్నెండు కుటుంబాలకి ఇలా తలో రేకూ ఇచ్చారు. రేకు ఏ రోజుకెంత పెరిగిందో దానంతటదే లెక్క పంపుతుంది. ఒప్పందం ప్రకారం ఆర్నెల్లూ పాత ఫోన్లు ప్రయోగశాలలోనే ఉండాలి, శాంపిల్‌ని ఎవరూ పాడు చెయ్యకూడదు, రవ్వంత ముక్క కూడా గడప దాటకూడదు. ఇందుమతి అన్నిట్లోకీ చిన్నది ఎంచుకుని, ఇంకా చిన్నది లేదా అని అడిగి, లేదనిపించుకుంది.

*

ఆరు వారాలయ్యేసరికి ఇంట్లో మనుషులకన్నా తెరలు ఎక్కువ జాగా ఆక్రమించుకున్నాయి.

పగలంతా పన్నెండు ఇళ్ల లెక్కలూ తన తెర మీదే చూసుకునే చంద్రమౌళిది పెద్ద పళ్లెమంత అయింది. ఆటోలో ఒడిలో పెట్టుకుంటే పక్కవాడు పెసరట్లు అమ్మడానికి తీసుకెళుతున్నాడనుకున్నాడట. కామేశ్వరమ్మగారు ఒత్తిగిలి పడుకుని సీరియళ్లు చూస్తారు గనక ఆవిడది ఒక్క పక్కకే సాగి, ఆనపకాయలా తయారైంది. అందులో కథానాయికలందరూ పొట్టిగా, వెడల్పుగా కనిపించేవారు. "నాకు అలాగే బావున్నారు, తిండి తిన్న పిల్లల్లా ఉన్నారు" అనేవారావిడ.

భోజనాల దగ్గర చంద్రమౌళి తెరని పప్పుగిన్నెకి ఆనించి నిలబెట్టేవాడు. ఇవతల కూచున్న ఇందుమతికి దానికి పైన ఆయన నుదురూ, కింద ముద్ద కలిపే వేళ్లూ కనిపించేవి. నడుమ ఉన్న మొహాన్ని ఆవిడ మూడు వారాలుగా చూడలేదు.

"కొంచెం పచ్చడి వేసుకోండి" అని నుదురుతో అనేది. వేళ్లు వద్దన్నట్టు ఊగేవి.

ఇవన్నీ ఇందుమతి సరదాగానే చూస్తూ వచ్చింది. తన తెర కూడా గుప్పెట దాటి, అరచెయ్యి దాటి, పుస్తకమంత అయ్యాక సరదా తగ్గింది. ఓ మధ్యాహ్నం కుర్చీలో కూచుని చూసుకుంటూంటే వెనకనించి గొంతు వినబడింది.

"ఏమే ఇందూ, ఎవరిదే ఆ ఇల్లు?"

ఇందుమతి ఉలిక్కిపడింది. గుప్పెట మూయబోయింది. మూయడానికి గుప్పెట చాల్లేదు.

"ఎవరిదీ కాదు అత్తయ్యా. అమ్మకానికి పెట్టేరు."

"ఎర్రగా బావుంది. చుట్టూ నీళ్లేవిటి?"

"దీవి. ఎక్కడో మంచు దేశంలో."

కామేశ్వరమ్మగారు మరికాస్త వంగి చూశారు. "ఒకటే గది. ఒకటే మంచం. కుర్చీ కూడా ఒకటే! ఎవరైనా వస్తే ఎక్కడ కూచుంటారే?"

"రారు అత్తయ్యా."

"అదేం ఇల్లే తల్లీ!" అని ఆవిడ ఆనపకాయ చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇందుమతి రోజుకి మూడు నాలుగు గంటలు చూసేవి అవే. దేశదేశాల్లో అమ్మకానికున్న ఇళ్లు. అందులోనూ ఒక్క మనిషికి సరిపోయేవి. కొండ కొమ్మున రాతి గది, కాలవలో ఆగిన పడవ ఇల్లు, పాతబడ్డ రైలు పెట్టె, లైటుహౌసు పక్కన కాపలావాడి కొట్టు. ఒక్కోదాంట్లోకి వెళ్లి, అలమార్లు తెరిచి, తన చీరలు ఎక్కడ పడతాయో చూసుకుని, కిటికీ దగ్గర కాసేపు కూచుని, పాలు పొంగే వేళకి తిరిగొచ్చేసేది. కొనాలని కాదు. ఇంట్లోవాళ్ల మీద కోపమా అంటే అదీ లేదు. సినిమాకి వెళ్లేవాళ్లు ఇంటి మీద అలిగి వెళతారా? కానీ ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి రోజూ ఒంటరి ఇళ్లు వెతుక్కుంటోందని ఇంట్లోవాళ్లకి తెలిస్తే, ఈ సినిమా ముక్క ఎంత చెప్పినా వాళ్ల మనసుకెక్కదు. అది గుప్పెట్లో ఉన్నంతకాలం ఆవిడ సంగతి. పళ్లెమంత అయితే ఇంటిల్లిపాది సంగతీ.

ఆ వచ్చే ఆదివారం తలంటుకుని, కుంకుడు నురగ అంటిన తెరని కూడా వేణ్ణీళ్లతో తుడిచి, బాల్కనీలో పాత పేపరు పరుచుకుని గోళ్లు తీసుకోడానికి కూచుంది. అలవాటుగా తెర పక్కనే పెట్టుకుంది. దాని అంచు వేలికి తగిలింది. మెత్తగా ఉంది. రోజూ గాజు పెంకులా ఉండేది, తలంటి తరవాత గోరులా మెత్తబడింది.

ఇందుమతి అటూ ఇటూ చూసింది. అత్తగారు పూజలో ఉన్నారు. మొగుడు పళ్లెం వెనకాల ఉన్నాడు. గోళ్లు తీసే కత్తెర ఓ మూల ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కింది. టిక్కుమంది. తెర నల్లబడలేదు, చావలేదు. దీవి మీద ఎర్ర ఇల్లు ఎంచక్కా అలాగే ఉంది. అంతే, కజ్జికాయ అంచు తీసినట్టు చుట్టూ తీసుకుంటూ వచ్చింది. పావుగంటలో తెర మళ్లీ గుప్పెట్లో పట్టింది. బొటనవేలు నాలుగు మూలలకీ అందింది. ఇందుమతికి సొంత చెయ్యి తిరిగొచ్చినట్టనిపించింది.

తీసిన రేకు ముక్కల్ని ఏం చెయ్యాలన్నది పెద్ద ధర్మసందేహమైంది. తీసిన గోళ్లు ఇంట్లో ఉండకూడదని అత్తగారి శాసనం. శాంపిల్ ముక్క ఇల్లు దాటకూడదని మొగుడి ఒప్పందం. బాల్కనీ ఇంట్లోదీ కాదు, బయటిదీ కాదు గనక, ఖాళీ పౌడరు డబ్బాలో వేసి బట్టల స్టాండు వెనకాల పెట్టింది. ఇద్దరి మాటా నిలిచింది.

*

నాలుగు ఆదివారాలు గడిచాక చంద్రమౌళి ప్రయోగశాలలో గొడవ మొదలైంది.

"నీ శాంపిల్ వారమంతా పెరిగి, ఆదివారం నాడు తగ్గిపోతోంది ఇందూ!" అన్నాడు. చాలా రోజుల తరవాత పళ్లెం పక్కన పెట్టి మరీ అన్నాడు. మొహం కాస్త చిక్కినట్టుంది. "లోకంలో ఏ పదార్థమూ అలా చెయ్యదు. అందరివీ పెరుగుతున్నాయి, నీదొక్కటే ముడుచుకుంటోంది. డైరెక్టరుగారు నిన్ను తీసుకురమ్మన్నారు."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ప్రయోగశాల లోపల ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా చూడలేదు. ఒకసారి చూసొచ్చాక చెబుదాంలే అనుకుంది.

అక్కడ ఆవిణ్ణి చీకటి గదిలో కూచోబెట్టి, నెత్తికి గిన్నెలాంటిది తొడిగి, కంటిపాపల ఫొటోలు తీశారు. చేతి చెమట తీశారు. వేళ్లకి పసుపు ఉందని కనిపెట్టి, పసుపు మీద రెండు రోజులు పరీక్షలు చేశారు. చింతపండు మీద ఒక రోజు. డైరెక్టరు డాక్టర్ సుగుణమేరీ పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆవిడే స్వయంగా నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా కూచున్నారు.

"ఆదివారం పూట మీరు ఏమేం చేస్తారమ్మా?"

"తలంటుకుంటానండీ."

"ఆఁ, తరవాత?"

"గోళ్లు తీసుకుంటానండీ."

"తరవాత?"

"వంటండీ. ఆదివారం కదా, రెండు కూరలు."

ఆవిడ మూడూ రాసుకున్నారు. రెండు కూరలూ ఏవిటని మాత్రం గుచ్చి గుచ్చి అడిగారు. ఇందుమతి అబద్ధం ఆడలేదు. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. వాళ్లకి కావలసింది ఏదో వాళ్లే పక్కన పెట్టి పోతూంటే, ఆపడం మర్యాద కాదనిపించింది.

ఆ మర్నాడు అనుకోకుండా ఇంకో సంగతి బయటపడింది. ఆదివారం తీసిన రేకు ముక్క ఒకటి చీర కుచ్చెళ్లలో చిక్కుకుని, వంటింట్లో వేడి కుక్కరు మూత మీద రాలింది. తీద్దామని వంగిన ఇందుమతి అలాగే ఉండిపోయింది. కందిగింజంత వెడల్పున్న ఆ ముక్కలో ఎర్ర ఇల్లు. కిటికీ. కిటికీలో నీళ్లు. వేడి తగ్గగానే మళ్లీ పాల రేకు.

డబ్బా తెచ్చి, ఒక్కో ముక్కా మూత మీద వేసి చూసింది. కొండ మీద రాతి గది. పడవ. రైలు పెట్టె. ఏ చూపుతో పెరిగిందో ఆ చూపుని ఆ అంచు తనలోనే దాచుకుంది. కోసి వేడి చేస్తే తప్ప తెలియదు. ఇప్పటివరకూ బతికున్న ముక్కని కోసినవాళ్లు లోకంలో తనొక్కర్తే గనక, ఈ సంగతీ తనొక్కర్తికే తెలుసు.

బీయస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసుకి ముందు ఒళ్లు పులకరించింది. ఇల్లాలికి ఆ వెనకే భయమేసింది. హాల్లో ఆనపకాయా, పళ్లెమూ, ఊళ్లో ఇంకా పదకొండు ఇళ్లలో రకరకాల ఆకారాలూ ఆవిడకి ఇప్పుడు వేరేగా కనిపించాయి. అవి తెరలు కావు. మనుషులు ఎవరికీ చెప్పకుండా ఏం చూసుకున్నారో వరసాగ్గా చుట్టిపెట్టిన చుట్టలు.

*

చంద్రమౌళి ఆ నెలలో ఒక సిద్ధాంతం కనిపెట్టాడు.

ఓ సాయంత్రం కాయితాలు బల్లనిండా పరిచి, "ఇటు రా ఇందూ, అమ్మా నువ్వూ రా" అని కేకేశాడు. "పోయిన నెల పదిహేనో తారీఖు ఆదివారం. ఆ రోజు నీ శాంపిల్ తగ్గలేదు, సోమవారం తగ్గింది. మళ్లీ ఇరవై తొమ్మిది ఆదివారం. ఆ రోజూ తగ్గలేదు, సోమవారమే. ఏవిటా రెండు రోజులూ?"

"అమావాస్యా, పౌర్ణమీ" అన్నారు కామేశ్వరమ్మగారు, పంచాంగం నోట్లో ఉన్నట్టు.

"అదీ! ఆ రెండు రోజులూ సముద్రానికి పోటెక్కువ. గాల్లో తేమ మారుతుంది. చిన్న శాంపిల్ గనక ఆ మార్పుని పట్టుకుంటోంది. నీ ఫోను సముద్రాన్ని వింటోంది ఇందూ!"

ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఇందుమతి అత్తగారికేసి చూసింది. అమావాస్య నాడూ పౌర్ణమి నాడూ గోళ్లు తియ్యకూడదని అత్తగారు పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. అందుకని ఆ రెండుసార్లూ తలంటూ, గోళ్లూ, తెరా అన్నీ సోమవారానికి జరిగాయి. ఆవిడ ఫోను వింటున్నది సముద్రాన్ని కాదు, కామేశ్వరమ్మగారిని.

"గురువారం ఢిల్లీ నించి కమిటీ వస్తోంది. ఆదివారం తగ్గడానికి కారణం చెప్పలేకపోతే సరుకే లోపం అంటారు. ప్రాజెక్టు ఇంకో ఊరెళ్లిపోతుంది, నన్ను పడవల తుప్పు విభాగంలో వేస్తారు. ఏడేళ్లు, ఇందూ! ఇప్పుడు భయం లేదు. ఇది చూపిస్తే ప్రపంచమంతా కాకినాడ వస్తుంది."

ప్రపంచమంతా వచ్చి ఏం చూస్తుందో ఇందుమతికి కనిపించింది. పేపరు అచ్చవుతుంది. ఏడాదికో, రెండేళ్లకో ఎవడో ఒకడు ఆ లెక్క తప్పని తేలుస్తాడు. ఈయన్ని చూసి, పెళ్లాం గోళ్ల కత్తెరని చంద్రుడనుకున్న సైంటిస్టు అని జీవితాంతం నవ్వుకుంటారు. నిజం చెబితే తుప్పూ తప్పుతుంది, నవ్వూ తప్పుతుంది. అయితే నిజానికి రుజువు అడుగుతారు. రుజువు డబ్బాలో ఉంది. డబ్బాలో ఒక్కళ్లకే సరిపోయే ఇళ్లు డెబ్భయ్యో ఎనభయ్యో ఉన్నాయి.

బుధవారం పొద్దున్న ఆయన అద్దం ముందు ఉపన్యాసం సాధన చేసుకుంటూ "చంద్రుడి ఆకర్షణ" దగ్గరికి వచ్చేసరికి ఇందుమతి ఇక ఆగలేకపోయింది.

"ఏవండీ, చంద్రుడు కాదు. నేను."

"నువ్వేవిటి?"

"కత్తిరించేను. తలంటుకున్నాక మెత్తబడుతుంది. గోళ్లతో పాటు తీసేస్తున్నాను. అత్తయ్య వద్దన్న రోజుల్లో తియ్యట్లేదు."

చంద్రమౌళి అద్దంలోంచి ఇటు తిరిగాడు. ముందు నవ్వబోయాడు. "వజ్రపు బ్లేడు..." అన్నాడు. ఆవిడ పమిట చెంగులోంచి గోళ్ల కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దానికేసి చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు.

"వేణ్ణీళ్లూ కుంకుళ్లా?" అన్నాడు చివరికి.

"షాంపూతో చూడలేదు."

"ఏడేళ్లలో మా వాళ్లెవరికీ దాన్ని తడపాలనే తోచలేదు. తడిస్తే పాడవుతుందనుకున్నాం." కత్తెర చేతిలోకి తీసుకుని, "డాక్టరుగారితో చెప్పేవా?" అన్నాడు.

"చెప్పేను. రాసుకున్నారు కూడా."

"తీసిన ముక్కలేవి?"

"ఉన్నాయి" అంది ఇందుమతి. "కానీ వేడి తగిల్తే వాటిలో బొమ్మలు కనిపిస్తాయండీ. పెరిగినప్పుడు ఏం చూశామో అది."

సైంటిస్టు ఒక్కసారి లేచి నుంచున్నాడు. "చూసింది దాచుకుంటోందా? ఏదీ, ఏదీ..." అన్నాడు, అని పెళ్లాం మొహం చూశాడు. అడ్డం తెర లేకుండా, పూర్తిగా చూశాడు. ఏం కనిపించిందో ఏమో, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు నువ్వూ రావాలి" అన్నాడు మెల్లిగా.

*

కమిటీలో ఏడుగురు. అయిదు నెలలుగా వాళ్లకీ తలో చూపుతెరా ఇచ్చి ఉంచారు గనక, బల్ల మీద ఏడు తెరలు వరసగా ఉన్నాయి. ఛైర్మన్ పరాంకుశంగారిది మడత మంచమంత ఉంది. డ్రైవరు మోసుకొచ్చి పెట్టి వెళ్లాడు. ఎవరి తెర ఎంత పెద్దదో చూసుకుని వాళ్లలో వాళ్లు కొంచెం గర్వపడుతున్నారు కూడా.

చంద్రమౌళి చంద్రుడి మాట ఎత్తలేదు. "సరుకులో లోపం లేదండీ. మా ఆవిడ కత్తిరించింది" అని కూచున్నాడు.

"అసంభవం" అన్నారు పరాంకుశంగారు. "ఈ పదార్థం కోస్తే బతకదు. మీ రిపోర్టులే చెబుతున్నాయి. ఇంట్లో వాళ్ల మీదికి తోసేసి లోపం కప్పిపుచ్చుతున్నారేమో. కత్తిరించిన ముక్కలు ఏవీ?"

"రెండు కూరలు!" అంటూ సుగుణమేరీ నోటుబుక్కు వెనక్కి తిప్పుకుని, "రాసుకున్నానయ్యా, గోళ్లని నా చేత్తో నేనే రాసుకున్నాను" అని నెత్తి కొట్టుకున్నారు.

"ముక్కలమ్మా" అన్నారు ఛైర్మన్ ఇందుమతికేసి తిరిగి.

ఇందుమతి ఒళ్లోని సంచీలో చెయ్యి పెట్టింది. పౌడరు డబ్బా చల్లగా తగిలింది. బల్ల మీద టీ ఫ్లాస్కు పొగలు కక్కుతోంది. ఒక్క ముక్క దాని మూత మీద వేస్తే చాలు. ఎర్ర ఇల్లు, ఒకటే మంచం, ఒకటే కుర్చీ, ఏడుగురు పెద్దమనుషులూ, మొగుడూ. సరే, ఆయన ఏడేళ్లకన్నా తన కుర్చీ ఎక్కువా అనుకుని డబ్బా సగం పైకి తీసింది.

"అది వద్దు" అన్నాడు చంద్రమౌళి. లేచి తన పళ్లెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "రుజువు కావాలంటే ఇప్పుడే, మీ అందరి ముందూ చేస్తుంది. నాది కత్తిరించు ఇందూ."

"మీదా?" అంది గొంతు తగ్గించి. "వేడి చేస్తే మీరు చూసినవన్నీ..."

"తెలుసు. కానీయ్."

క్యాంటీన్ నించి బేసిన్లో వేణ్ణీళ్లు వచ్చాయి. కుంకుడు పొడి ఇందుమతి పొట్లం కట్టుకుని తెచ్చింది. పది నిమిషాలు నానబెట్టి, ఆరేడుసార్లు తుడిచి, అంచు వేలితో నొక్కి చూసి, కత్తెర వేసింది. గారడీవాడి నోట్లోంచి రిబ్బను వచ్చినట్టు ఒకే చుట్టుగా వచ్చేసింది. తెర నల్లబడలేదు. ఏడు కుర్చీలూ ముందుకి జరిగాయి.

"ఇది కోసినందుకు రుజువు. దీనిలో ఇంకో సంగతి కూడా ఉందండీ" అని చంద్రమౌళే ఆ రిబ్బను తీసి ఫ్లాస్కు మూత మీద చుట్టాడు.

పాల రంగులో ఒక గీత కనబడింది. వారమంతా ఎక్కి, ఆదివారం దిగే గీత. కింద చిన్న అక్షరాల్లో ఇందుమతి శాంపిల్ నంబరు. రెండో చుట్టు తీశారు, అదే గీత. మూడోదీ అదే. వారాల తరబడి ఆయన అన్నాల దగ్గరా, ఆటోలోనూ, పళ్లెం వెనకాల కళ్లు చిట్లించుకుని చూసిందంతా అదే. ఆవిణ్ణి కాదు, ఆవిడ ఫోను పొడుగునీ వెడల్పునీ. దానికి మురిసిపోవాలో, కోప్పడాలో ఇందుమతికి తేలలేదు. కోపం ఇంటికెళ్లాక పడొచ్చని పక్కన పెట్టుకుంది.

నాలుగో చుట్టులో మాత్రం బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె, పక్కన ముందూ వెనకా ఫొటోలూ బయటపడ్డాయి. కమిటీ అంతా ఫక్కుమంది. చంద్రమౌళి చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు.

నవ్వు ఆగాక ఒక్కొక్కరూ తమ తెరకేసి చూసుకున్నారు. ఏం చూస్తే అది అంచులో ఉండిపోతుందన్న మాట ఒక్కొక్కరికీ ఒక్కో క్షణాన తట్టినట్టుంది.

ఇందుమతి కత్తెర తుడుచుకుంది. "మరొకటి చేసి చూపిస్తే కమిటీవారికి అనుమానం తీరుతుందేమోనండీ. తరవాత ఎవరిది?" అంది, వడ్డన దగ్గర మారు అడిగినంత మర్యాదగా.

కుడివైపు ఆఖరాయన తెర మెల్లిగా బల్ల మీంచి జారి ఒళ్లోకి వెళ్లింది. పక్కనాయనది ఫైలు కిందకి. ఇంకొకావిడ తనదాన్ని బోర్లించి, దాని మీద హ్యాండ్‌బ్యాగు, బ్యాగు మీద చేతులూ పెట్టుకుంది. దాచుకోడానికి వీల్లేనిది పరాంకుశంగారిదొక్కటే. ఆయన ముందు ఫైలు పరిచారు, అది చాల్లేదు. కోటు విప్పి కప్పారు. చివరికి రెండు మోచేతులూ ఆనించి, గుడ్ల మీద పొదిగే కోడిలా దాని మీదికి వాలిపోయారు.

"వేణ్ణీళ్లు చల్లారిపోతాయండీ" అంది ఇందుమతి.

"అక్కర్లేదమ్మా" అన్నారు ఛైర్మన్. "నమ్మేశాం."

సుగుణమేరీ నవ్వు ఆపుకుంటూ కలం తీశారు. "తీర్మానం ఏం రాయమంటారు సార్?"

ఆయన మోచేతులు తియ్యకుండానే చెప్పారు. "శాంపిల్‌లో లోపం లేదు అని రాయండి. పెరిగే గుణం ఈ రోజుతో ఆపివెయ్యవలెను. శాంపిళ్లన్నీ, మా ఏడుగురివీ ముందుగా, సీలు వేసి, విప్పకుండా కరిగించవలెను." గొంతు సవరించుకుని, "కారణం... ప్రజలకి చిన్న ఫోన్లే ఇష్టమని మా పరిశీలనలో తేలింది."

*

మెట్లు దిగేటప్పుడు చంద్రమౌళి చేతిలో ఏవీ లేదు. చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుస్తున్నాడు. తుప్పు విభాగం తప్పింది. ఏడేళ్ల పని మాత్రం పై అంతస్తులో వేడి నీళ్ల బేసిన్లో ఉండిపోయింది.

"దాచుకునే గుణం ఎలా వచ్చిందో తెలుసుకోవాలి ఇందూ" అన్నాడు. "కరిగించేలోగా ఒక్క ముక్క దొరికితే బావుణ్ణు."

ఇందుమతి సంచీని రెండో భుజానికి మార్చుకుంది. ఆయన అటు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

గేటు దగ్గర ఆటో కోసం నుంచున్నాక ఆయనే, రోడ్డుకేసి చూస్తూ, "చెప్పాలని లేకపోతే చెప్పకు. ఏవిటవి?" అన్నాడు.

ఆవిడ సంచీ సవరించుకుంది.

"ఇళ్లు."

"ఎవరివి?"

"ఎవరూ లేనివి."

ఆయన తలాడించాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఏ ఊళ్లో అని గానీ, ఎందుకని గానీ అడుగుతాడని ఇందుమతి ఎదురుచూసింది. రెండిటికీ జవాబు సిద్ధం చేసుకుంది.

"వంటిళ్లు బావున్నాయా?" అన్నాడు.

ఇందుమతి ఆయన మొహంలోకి చూసింది. వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుంది.

"ఒక్కదాంట్లోనూ గట్టు సరైన ఎత్తులో లేదండీ" అంది. "నిలబడి చపాతీలు ఒత్తితే నడుం పడిపోతుంది."

"అరె" అన్నాడు చంద్రమౌళి, సొంత బాధలా. ఆటో వచ్చి ఆగింది. ఎక్కి కూచున్నాక, "ఎంత ఎత్తుండాలి?" అని అడిగి, జేబులోంచి కలం తీశాడు.